ఫ్యాన్ తిరుగుతోంది, గ్యాస్ ఉంది.. అయినా టోల్‌గేట్ దగ్గర ఏసీలో వేడిగాలి ఎందుకు?

హంద్రీగట్టు, కర్నూలు:

అన్నలకు నమస్తే. రెండేళ్లుగా ఈ కార్ల ఫోరంలో చదివి పోతుండడమే గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి. సగం సగం చెబితే అందరూ "గ్యాస్ చెక్ చేయించు" అంటారు. ఆ గ్యాస్ ముచ్చట నాకు ఇప్పటికే రెండుసార్లు అయింది.

బండి 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 96 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే చర్చంతా ఆ కంపెనీ మంచిదా కాదా అన్నదాని మీదికి పోతుంది. ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జల్లెడ లాంటిది), దాని వెనక ఇంజిన్ నీళ్లను చల్లార్చే రేడియేటర్, ఆ వెనక రెండింటికీ కలిపి ఒకటే ఫ్యాను.

నాది మందుల సప్లై పని. వారానికి రెండుసార్లు కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాకా పోయి వస్తా. వెనక సీట్లో ఐస్ డబ్బాలో ఇన్సులిన్ ఉంటుంది. కాబట్టి ఏసీ నాకు సోకు కాదు, పొట్టకూడు.

కథ ఎక్కడ మొదలైందంటే, మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా. ఉన్నట్టుండి ఏసీలో వేడిగాలి. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ టెంపరేచర్ ఎప్పుడూ నాలుగు గీతల మీద ఉండేది ఆరుకు పోయింది. పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూస్తే ఫ్యాను అసలు తిరగడం లేదు. మెకానిక్ దగ్గరకు మెల్లగా తీసుకుపోయా. మోటారు కాలిపోయింది, కనెక్టర్ కూడా కరిగిపోయింది అన్నాడు. నిజమే, నేను చూశా, తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ మాడిన దోసెలా అయిపోయి ఉంది. కనెక్టర్ కోసేసి, లోకల్ మోటారు వేసి, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి ఇచ్చాడు. 2,600 అయింది. ఫ్యాను బ్రహ్మాండంగా తిరిగింది. పాతదానికన్నా సౌండు కూడా ఎక్కువే. ఖుషీగా ఇంటికొచ్చా.

అప్పట్నుంచీ ఇదీ వరస. హైవే మీద 80లో పోతుంటే ఏసీ చల్లగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటరు ఏసీ గాలికి ఎదురుగా పెట్టి చూశా, 10 డిగ్రీలు. టోల్‌గేట్ క్యూలో గానీ, ఊర్లో రాజ్‌విహార్ సెంటర్ దగ్గర గానీ ఆగితే మూడు నాలుగు నిమిషాల్లో 23, 24. టెంపరేచర్ గీతలు అయిదు, కాసేపటికి ఆరు. ఏసీ ఆపితే మళ్లీ అయిదుకు దిగుతుంది గానీ నాలుగుకు రాదు. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఊర్లో కూడా ఇబ్బంది ఉండదు. ఎండెక్కితేనే.

మొదటి ఏసీ షాపులో గ్యాస్ తక్కువైంది అని నింపారు, 1,800. తేడా లేదు. రెండో షాపులో "ఎవరు నింపారు, ఎక్కువ పోశారు" అని కొంత వదిలేసి, ఆయిల్ వేసి మళ్లీ ఏదో చేశారు, 2,000. తేడా లేదు. అక్కడ గ్యాస్ ప్రెషర్ చూసే గేజీలు (నీలం తక్కువ ప్రెషర్ వైపు, ఎరుపు ఎక్కువ ప్రెషర్ వైపు, లెక్క పీఎస్ఐలో) పెట్టినప్పుడు ఫోటో తీసుకున్నా. బండి నిలబడి ఏసీ ఆన్‌లో ఉంటే నీలం గేజీ 60 దగ్గర, ఎరుపు 320. చూస్తుండగానే ఎరుపు ఎక్కుతూ పోయి 400 దాటాక కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) టక్కుమని కట్ అయింది. ఇంజిన్ ఆపి కాసేపు ఉంచితే రెండూ 120 దగ్గర నిలబడ్డాయి.

మూడో షాపాయన కంప్రెసర్ పోయింది, 14 వేలు అంటున్నాడు. రేడియేటర్ పనిచేసే పెద్దాయనేమో "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకప్పా, పీకి పారేద్దాం" అంటున్నాడు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనీయని వాల్వు అది. ఇంకా ఏదీ చేయించలేదు.

ఫ్యాను తిరుగుతోంది. గ్యాస్ ఉంది. మరి తప్పు ఎక్కడ? వచ్చే గురువారం ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని రాయచోటి పోవాలి. గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది.


కేసీకాలువ, కర్నూలు:

గ్యాస్ చెక్ చేయించు అన్నా.


హంద్రీగట్టు, కర్నూలు:

అన్నా, నేను రాసింది ఒక్క లైనైనా చదివావా?


డోన్ ట్రావెల్స్, డోన్:

నేను మెకానిక్‌ను కాను, 17 ఏళ్లుగా అద్దె బండి నడుపుతున్నా. నా అనుభవం చెప్తా.

ముందు కండెన్సర్ చూడు. నాకు ఒకసారి ఇదే జబ్బు. పత్తి సీజన్‌లో వరసగా ఆదోని ట్రిప్పులు కొట్టా. పత్తి లోడ్ లారీల వెనక పోతే దూది ఎగిరొచ్చి గ్రిల్ లోపల అతుక్కుంటుంది. దాని మీద పురుగులు, దాని మీద దుమ్ము. బయటికి కనపడదు. బంపర్ ఇప్పి చూస్తే పరుపు కుట్టుకోవచ్చు. పల్లె రోడ్ల మీద ఎండబెట్టిన కొర్రలు, కందుల పొట్టు కూడా ఇంతే. నీళ్లు కొట్టించేటప్పుడు ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టొద్దు, ఆ సన్నని అల్యూమినియం రేకులు ఒరిగిపోతే గాలి పోయే దారి మూసుకుపోతుంది. మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి ముందుకు కొట్టాలి.

ఘాట్‌లో వేడెక్కితే ఏం చేయాలో చెప్తా, రాసిపెట్టుకో. ఏసీ ఆపు. హీటర్ ఫుల్లుగా పెట్టు, బ్లోయర్ ఫుల్లు, అద్దాలు దించు. ఇంట్లోవాళ్లు తిడతారు, తిట్టనీ. హీటర్ కూడా ఒక బుడ్డ రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లోపలికి లాగేస్తుంది. ముల్లు ఎర్రగీతకు పోతే మాత్రం పక్కకు తీసి ఆపేయాలి. రేడియేటర్ మూత జోలికి అరగంట పోవద్దు. మా క్లీనర్ పిల్లోడు ఒకడు గుడ్డ పెట్టి తిప్పాడు, మోచేతి దాకా బొబ్బలు.

థర్మోస్టాట్ పీకొద్దు. పీకినవాళ్లందరూ చలికాలంలో మైలేజీ పడిపోయిందని ఏడ్చేవాళ్లే.


పన్నెండు వోల్టులు, అనంతపురం:

తమ్ముడూ, నేను ఆటో ఎలక్ట్రీషియన్. ఏసీ పని కూడా చేస్తా. నీ పోస్టు చదివి సంతోషమైంది. ఇంత వివరంగా చెప్పే కస్టమర్ నెలకొకడు వస్తే చాలు.

ముందు ఆ 14 వేలు జేబులో పెట్టుకో. నీ గేజీ ఫోటోనే కంప్రెసర్ బాగుందని చెబుతోంది. అరిగిపోయిన కంప్రెసర్ ఎరుపు వైపు 320, 400 కొట్టలేదు. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ ఉంటే కంప్రెసర్ మీద అనుమానపడాలి. నీకు రెండూ ఎక్కువే ఉన్నాయి. అంటే గ్యాస్ లోపల వేడిని మోసుకొచ్చి కండెన్సర్‌లో దింపుదామంటే దింపే చోటు దొరకడం లేదు. మన మే ఎండలో నిలబడిన బండికి ఎరుపు గేజీ 220, 250 చూపిస్తే నేను పట్టించుకోను. 320 దాటి ఎక్కుతూనే ఉందంటే కండెన్సర్ మీద గాలి ఆడటం లేదని లెక్క. అంతకు మించి పోతే పైపులు పగులుతాయని ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను కట్ చేస్తుంది. ఆ టక్ అదే. అది జబ్బు కాదు, కాపలా.

ఇక ఆ 120 సంగతి. ఇంజిన్ ఆపాక రెండు ముళ్లూ సమానంగా ఎక్కడ నిలబడ్డాయో చూసి "గ్యాస్ సరిపోయింది" అనేవాళ్లు ఉన్నారు. నమ్మొద్దు. మన ఏసీల్లో ఉండే ఆర్134ఏ గ్యాస్ లోపల కొంచెమైనా ద్రవంగా మిగిలి ఉన్నంతవరకూ ఆ లెక్క వేడిని బట్టే ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ, 40 దగ్గర 133. నీ 120 ఆ పూట ఎంత ఎండ ఉందో చెప్పింది, అంతే. లోపల 200 గ్రాములున్నా అంతే చూపిస్తుంది, 400 ఉన్నా అంతే. ఎంత ఉందో తెలియాలంటే మొత్తం బయటికి లాగి తూకం వేయాలి. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది.

ఇంకో మాట. గ్యాస్ పెట్రోల్ కాదు, తిరిగేకొద్దీ అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. కారేచోటు వెతక్కుండా ఏటేటా నింపడం చిల్లు కుండకు నీళ్లు పోయడమే.

ఇప్పుడు నీ బండికి వద్దాం. హైవేలో బాగుంది, నిలబడితే బాగాలేదు. పొద్దున బాగుంది, ఎండెక్కితే బాగాలేదు. ఇది ఫ్యాను కథే. 80లో పోతుంటే ఎదురుగాలే కండెన్సర్‌లోంచి దూసుకుపోతుంది, ఫ్యానుతో పనిలేదు. నిలబడ్డాక అంతా ఫ్యాను మీదే. నువ్వేమో ఫ్యాను తిరుగుతోంది అంటున్నావు. పైగా సౌండు ఎక్కువ అంటున్నావు. జబ్బు మోటారు మార్చిన రోజు నుంచే మొదలైంది అంటున్నావు. కనెక్టర్ కోసి వైర్లు మెలిపెట్టారు అంటున్నావు.

నాకు ఒకటే ప్రశ్న. ఫ్యాను ఏ వైపుకు తిరుగుతోంది?

రెండు పరీక్షలు చెప్తా, పైసా ఖర్చు లేదు.

మొదటిది నీళ్లు. మధ్యాహ్నం పూట బండి స్టార్ట్ చేసి, ఏసీ ఫుల్లు పెట్టి, వేడిగాలి వచ్చేదాకా ఆగు. చెంబుతో గ్రిల్ సందుల్లోంచి కండెన్సర్ మీద కొద్దికొద్దిగా నీళ్లు పోయిస్తూ ఉండు. ఏసీ చల్లబడిందంటే గ్యాస్ కాదు, కంప్రెసర్ కాదు, గాలే. రేడియేటర్ సెగలు కక్కుతుంటే మాత్రం పోయొద్దు, గీతలు అయిదు దాటకముందే చెయ్యి.

రెండోది పేపరు. ఏసీ ఆన్‌లో, ఫ్యాను తిరుగుతుండగా గ్రిల్ ముందు ఒక న్యూస్‌పేపర్ షీటు పట్టుకో. ఫ్యాను రేడియేటర్ వెనక ఉంది, ముందునుంచి గాలిని లోపలికి లాగాలి. పేపరు వెళ్లి గ్రిల్‌కు అతుక్కోవాలి, చెయ్యి వదిలినా పడకూడదు. బంపర్ వైపు నుంచే పట్టుకో, చేతులు ఫ్యాను దగ్గరికి పోనీకు.

ఏమైందో రాయి.


హంద్రీగట్టు, కర్నూలు:

అన్నా, మీకు దండం పెట్టాలి. ఎందుకో చెప్తా.

ఈరోజు ఆదివారం కదా, ఒంటిగంటకు ఇంటి ముందు మొదలుపెట్టా. ఎండ మండిపోతోంది. పది నిమిషాలు బండి స్టార్టింగ్‌లోనే ఉంచితే థర్మామీటరు 23కు వచ్చింది. మా ఆవిడ లోపల కూర్చుని చదువుతూ ఉంది, నేను చెంబుతో పోస్తూ ఉన్నా. మూడో చెంబుకు "20" అంది. అయిదో చెంబుకు 16. బక్కెట్ అయిపోయేలోపు 13. నీళ్లు ఆపిన రెండు నిమిషాలకు మళ్లీ 19. మూడు షాపుల్లో ఎవరూ ఒక చెంబు నీళ్లు పోసి చూడలేదు.

తర్వాత పేపరు. గ్రిల్‌కు జానెడు దూరంలో పట్టుకున్నా. లోపలికి పోలేదు. నా వైపు బుర్రుమని ఉబ్బింది, తెరచాప లాగా. దగ్గరికి నెట్టా, మళ్లీ వెనక్కి తోసేసింది. చెయ్యి వదిలితే ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. చెయ్యి పెట్టి చూస్తే గ్రిల్ లోంచి సెగ బయటికి కొడుతోంది, ఇస్త్రీ బండి పక్కన నిల్చున్నట్టు. ఇన్నాళ్లూ బానెట్ ఎత్తి పైనుంచి చూసి "తిరుగుతోంది, బాగుంది" అనుకున్నా. ముందు వైపు నిలబడి చూడాలని ఒక్కసారీ తోచలేదు.

అంటే ఇంజిన్ వేడినంతా రేడియేటర్ మీదికి, కండెన్సర్ మీదికి ఎదురు కొడుతోంది. ఫ్యాను లేకపోతే ఎలా ఉండేదో అంతకన్నా ఘోరం!

ఇప్పుడు ఏం చేయాలి? ఫ్యాను రెక్క విప్పి తిప్పి బిగిస్తే సరిపోతుందా? మా పక్కింటి అన్న అదే అంటున్నాడు.


కేసీకాలువ, కర్నూలు:

అవును, రెక్క తిప్పి బిగించు అన్నా, అయిపోతుంది.


పన్నెండు వోల్టులు, అనంతపురం:

కాదు, కాదు. కేసీకాలువ అన్నా, మీరు కొంచెం ఆగండి.

రెక్క తిప్పి బిగించినా గాలి అదే వైపుకు పోతుంది. స్క్రూను తలకిందులు చేసినా దాని మర మారదు చూడు, అలాగే. రెక్క వంపు మాత్రం తిరగబడి గాలి ఇంకా తగ్గుతుంది. మార్చాల్సింది రెక్క కాదు, మోటారు తిరిగే వైపు.

తమ్ముడూ, నీ బండిలో ఉన్నది రెండు వైర్ల మామూలు బ్రష్ మోటారు. లోపల అయస్కాంతాలు, తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు, అంతే. ప్లస్ మైనస్ తారుమారు చేస్తే ఎదురు తిరుగుతుంది. కంపెనీ కనెక్టర్ ఉన్నంతవరకూ ఈ పొరపాటు జరగదు, ఒక్క వైపే దూరేలా గాడి ఉంటుంది. కోసేశాక వైరు రంగే దిక్కు. లోకల్ మోటారుకు వచ్చే వైర్ల రంగులకూ బండి వైరింగ్ రంగులకూ పొంతన ఉండదు. మెలిపెట్టాడు, తిరిగింది, టేపు చుట్టాడు. తిరిగింది కదా అనుకున్నాడు. నేనూ పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఇలాగే చేశా, మా ఉస్తాద్ పేపరు తోనే పట్టుకున్నాడు. ఆయన దగ్గర నేర్చిందే ఇది.

చేసే పద్ధతి. కీ తీసెయ్, బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదియ్యి. ఇది తప్పనిసరి. కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా వేడికి ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. పది ఆంపియర్లు లాగే మోటారు అది, వేలు పెడితే వేలు దక్కదు. తర్వాత టేపు విప్పి రెండు జాయింట్లూ ఊడదీసి అటుది ఇటు, ఇటుది అటు కలుపు. రెండు వైర్ల మోటారు అయితేనే ఇలా చెయ్యాలి. మోటారు మీదే కంట్రోలర్ పెట్టె ఉండి మూడు నాలుగు వైర్లు వచ్చే కొత్తరకం వాటిలో వైర్లు మారిస్తే ఆ పెట్టె కాలిపోతుంది.

మళ్లీ మెలిపెట్టి టేపు చుట్టొద్దు. నీ పాత కనెక్టర్ ఎందుకు కరిగిందనుకున్నావు? మోటారు ముసలిదై కరెంటు ఎక్కువ లాగింది, పిన్ను వదులై అక్కడ వేడి పుట్టింది. మెలిపెట్టిన జాయింటు కూడా అంతే, ఆరు నెలలకు వదులవుతుంది. మంచి మందం ఉన్న రెండు పిన్నుల కనెక్టర్ కొని, పిన్నులు ప్లయర్‌తో బిగదొక్కించి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ తొడుగు వేయించు. ఫ్యూజు ఎంత ఆంపియర్లదో కూడా చూడు. కాలిపోతోందని ఎవరైనా 30 బదులు 50 పెట్టి ఉంటే ఈసారి కరిగేది కనెక్టర్ కాదు, వైరింగ్.


టేకులసోమారం దారి, కడప:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నా బండిలో ఫ్యాను అసలు తిరగదు, మరీ వేడెక్కాక ఒక్కసారిగా విమానం లాగా మొదలవుతుంది. ఏసీ వేసినా వెంటనే తిరగడం లేదు. ఇదీ వైర్ల గొడవేనా?


పన్నెండు వోల్టులు, అనంతపురం:

కాదన్నా. మీది లో స్పీడ్ పోయింది. చాలా బండ్లలో లో స్పీడ్ కరెంటును తగ్గించే ఒక రెసిస్టర్ గుండా, హై స్పీడ్ నేరుగా వస్తుంది. ఆ రెసిస్టర్ కాలిపోతే హై ఒక్కటే మిగులుతుంది. అంతకన్నా ముందు లో స్పీడ్ రిలే (ఫ్యానుకు కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బా) పీకి, అదే నంబరున్న హారన్ రిలే పెట్టి చూడండి. అది పోయిందో లేదో అక్కడే తేలుతుంది. ఫ్యాను ఏ స్పీడులోనూ తిరగక, కర్రతో రెక్కను తోస్తే మొదలైతే బ్రష్‌లు అయిపోయినట్టు. కర్రతో అన్నాను, వేలితో కాదు.


హంద్రీగట్టు, కర్నూలు:

రిపోర్టు ఇస్తున్నా. రాయచోటి పోయి నిన్న రాత్రే వచ్చాం.

మంగళవారం పొద్దున నేనే చేశా. టేపు విప్పితే కంపెనీ వైర్లు నీలం, నలుపు. లోకల్ మోటారువి రెండూ నలుపే, ఒకదాని మీద దారమంత తెల్ల గీత, అది కూడా మసిలో కనపడదు. ఎవరైనా పొరపాటు పడతారు. అటూ ఇటూ మార్చి ముందు ఊరికే కలిపి చూశా. పేపరు లటుక్కున అతుక్కుంది. చెయ్యి వదిలేశా, పడలేదు. మా పాప వచ్చి దాని మీద ఇంకో షీటు పెట్టింది, అదీ అతుక్కుంది. స్పేర్‌పార్ట్స్ షాపులో కనెక్టర్, పిన్నులు, తొడుగు అన్నీ కలిపి 90 రూపాయలు. ఇంకో విశేషం, సౌండు తగ్గింది. ఎదురు తిరిగినప్పుడు వచ్చిన ఆ గోలను నేను కొత్త మోటారు సత్తా అనుకున్నా.

బండి కంప్యూటర్ లెక్కలు ఫోన్‌లో చూపించే చిన్న ఓబీడీ ప్లగ్గు ఫ్రెండ్ దగ్గర అడిగి తీసుకుపోయా. మార్చకముందు సోమవారం సాయంత్రం రాజ్‌విహార్‌లో కూలెంట్ (రేడియేటర్‌లో తిరిగే ద్రవం) వేడి 107 డిగ్రీల దాకా పోయింది. మార్చాక అదే చోట, అంతే ట్రాఫిక్‌లో, ఏసీ వేసి ఉండగా 93 నుంచి 97 మధ్య ఊగుతోంది. టోల్ క్యూలో ఏసీ గాలి 13 దాటలేదు.

ఘాట్‌లో ఏసీ వేసే ఎక్కా. మధ్యాహ్నం పన్నెండున్నర, నలుగురం, వెనక సామాను. ఒక లోడ్ లారీ వెనక సెకండ్ గేర్‌లో పాకుతూ పోయాం. దాటే చోటు లేదు. కళ్లు రోడ్డు మీద సగం, ఫోన్ మీద సగం. 99, 100, 101. ఫ్యాను హై స్పీడు అందుకున్న చప్పుడు వినపడింది. 98. అక్కడి నుంచి పైకి పోలేదు. గువ్వలచెరువు దగ్గర కోవా కోసం ఆపినప్పుడు మా ఆవిడ ఐస్ డబ్బా మూత తెరిచి చూసింది. అలవాటు. ఈసారి అందులో ఇన్సులిన్ లేదు, మజ్జిగ ఉంది.

డోన్ అన్నా, మీరు చెప్పిన హీటర్ చిట్కా అవసరం పడలేదు గానీ ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచా. మా నాన్న "మే నెలలో హీటరా" అని దారంతా నవ్వాడు.


డోన్ ట్రావెల్స్, డోన్:

నవ్వనీలే. కండెన్సర్ కడిగించావా లేదా?


హంద్రీగట్టు, కర్నూలు:

కడిగా అన్నా. దూది లేదు గానీ సీతాకోకచిలుకలు, వడ్ల పొట్టు, ఒక గోరంత ప్లాస్టిక్ కవర్ ముక్క వచ్చాయి. ఒక డిగ్రీ తేడా ఇచ్చిందేమో.

పన్నెండు వోల్టుల అన్నా, ఒక అనుమానం. రెండు షాపుల్లో పోశారు, వదిలారు, ఎంత ఉందో దేవుడికే తెలియాలి. ఇప్పుడు బాగానే ఉంది కదా అని వదిలేయనా?

రెండోది, ఆ మోటారు మార్చిన ఆయన దగ్గరకు పోదామా వద్దా అని నాలుగు రోజులు ఊగిసలాడా. ఆ ఒక్క పొరపాటుకు గ్యాస్‌కు పోసినవే 3,800. చివరకు నిన్న పోయా, తిట్టడానికి కాదు. జరిగింది చెప్పి పేపరు చూపించా. ముందు నమ్మలేదు. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. టీ తెప్పించాడు. డబ్బుల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.


పన్నెండు వోల్టులు, అనంతపురం:

వదిలేయొద్దు, అలాగని రేపే పరుగెత్తాల్సిన పనీ లేదు. తూకం మిషన్ ఉన్న చోటికి పోయి మొత్తం లాగించు, అరగంట వ్యాక్యూమ్ పెట్టించు, స్టిక్కర్ మీద ఎంత రాసుంటే అంత గ్రాములు ఎక్కించు. ఎక్కువ పోసినా తక్కువ పోసినా కూలింగ్ తగ్గుతుంది. "చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది సార్" అనేవాడి దగ్గరకు పోవద్దు. ఆయిల్ కూడా ఎంత పోశారో అడుగు, ఎక్కువైతే అదీ కండెన్సర్‌లో చేరి అడ్డం పడుతుంది.

అన్నట్టు, కూలెంట్ ఏం పోశావు? వేడెక్కిన రోజుల్లో బోరు నీళ్లు ఏమైనా కలిపావా?


హంద్రీగట్టు, కర్నూలు:

దొరికిపోయా. ఆళ్లగడ్డ దగ్గర ఒకసారి రెండు లీటర్లు పోశా. బంకు పక్కన బోరు.


పన్నెండు వోల్టులు, అనంతపురం:

అనుకున్నా. మన బోరు నీళ్లు కాచే గిన్నె అడుగు చూడు, తెల్లటి పొర ఎంత మందం కడుతుందో. అదే పొర రేడియేటర్ సన్నగొట్టాల్లో కడుతుంది. అత్యవసరానికి పోశావు, తప్పు లేదు, ఇంజిన్ దక్కింది. ఇప్పుడు మొత్తం వంచేసి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోయించు. మునుపు ఏ రకం ఉందో అదే రకం. మూతకున్న రబ్బరు వాషర్ కూడా చూడు, గట్టిపడి ఉంటే మూత మార్చు. అది ప్రెషర్ పట్టకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి.


కేసీకాలువ, కర్నూలు:

నేనూ ఇప్పుడే పోయి మా కారుకు పేపరు పెట్టి చూశా అన్నా. అతుక్కుంది, గట్టిగానే అతుక్కుంది. కానీ నా ఏసీ హైవేలో కూడా సరిగ్గా చల్లగా రాదు. అంటే నాది మాత్రం గ్యాసే కదా?


పన్నెండు వోల్టులు, అనంతపురం:

అయ్యుండొచ్చు. ముందు ఒక బక్కెట్ నీళ్లు పట్టుకో.